గుప్పెడు బియ్యం పటం

మా వదిన కృపావరం ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే ముందు ఆ కాఫీ డబ్బా సంగతి చెప్తాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ వంటగదిలో స్టవ్ పక్కన పెద్ద ఖాళీ కాఫీ డబ్బా ఒకటి ఉండేది. అన్నం వండే ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. దేవుడి గుప్పెడు. దివిసీమలో వాళ్ళ పల్లెలో ప్రతి ఆడదీ చేసే పనే అది. అక్కడైతే ఆదివారం పొద్దున్నే ఉపదేశి సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చి ఆ బియ్యం పట్టుకెళ్ళేవాడు. ఉపదేశి అంటే మిషనరీ దొరలు పల్లెకొకడు చొప్పున పెట్టిన మన మనిషే. ప్రార్థన చేసేదీ, పిల్లలకి అక్షరాలు దిద్దించేదీ, కానుకలు పోగుచేసేదీ అన్నీ అతనే.

మిషిగన్‌లో ఏ ఉపదేశి వస్తాడు చెప్పండి? అయినా ఆవిడ మానలేదు. అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో మధ్యాహ్నం పూట మా తెలుగు ఆరాధన జరిగేది. అందరూ కవర్లలో చెక్కులు పెట్టి ఇస్తుంటే ఈవిడ డబ్బా తెచ్చి ఠంగుమని బల్ల మీద పెట్టేది.

"వదినా, ఇక్కడ దేవుడికి బ్యాంక్ అకౌంట్ ఉంది. నీ బియ్యం ఏం చేసుకుంటాడు?" అనేదాన్ని.

"నువ్వు నోరు ముయ్యవే. పాట్‌లక్ భోజనాల్లో అందరికంటే ముందు ప్లేట్ పట్టుకునేది నువ్వేగా!" అనేది.

నేను లూసీని. ఆవిడ మొగుడు సుందర్ రాజ్ నా తోడబుట్టిన అన్న. నేను డెట్రాయిట్‌లో ఆస్పత్రిలో నర్సుని, వాళ్ళింటికి రెండు వీధుల అవతల మా ఇల్లు. నాకు కోపం ఎక్కువని చర్చిలో అందరూ అంటారు. ఉంది, కాదన్ను. ఈ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా ఎక్కువ మండుతుంది.

మా వదినకి ఇప్పుడున్న కూతురు నవోమి కంటే ముందు ఒక పిల్ల పుట్టింది. యాభై ఆరులో. మొదటి కాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్ళింది. మా అన్నయ్య అప్పుడు బొంబాయిలో డ్రాయింగ్ పని నేర్చుకుంటున్నాడు. పిల్ల పుట్టిందని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇంకా దారిలో ఉండగానే పిల్ల పోయింది. పాలు తాగే పిల్లల్ని ఆ పల్లెలో సమాధుల తోటకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు, ఇంటి వెనక దొడ్లోనే పెట్టేవాళ్ళు. వదిన వాళ్ళమ్మే పెట్టింది. వదిన జ్వరంతో మంచంలో పడుంది, తలుపు సందులోంచి చూసింది. అన్నయ్య సెలవు పెట్టుకుని వచ్చేసరికి వదిన తన అత్తారింటికి, అదే మా ఇంటికి వచ్చేసింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాడు పాపం, "ఎవరి పోలిక?" అని.

అంతే. వాడు ఆ పిల్లని చూడలేదు. ఫోటో లేదు, పేరు లేదు. తర్వాత వదిన వాళ్ళమ్మ పోయింది, నాన్న టౌన్‌లో మిషన్ కాంపౌండ్‌కి మారిపోయి అక్కడే పోయాడు. ఆ ఇల్లు కూలిపోయిందని విన్నాం. వాళ్ళకి నవోమి పుట్టింది, తర్వాత అందరం ఒకరి వెనక ఒకరు ఇక్కడికొచ్చి పడ్డాం. వదిన ఎప్పుడైనా కూర తరుగుతూ తరుగుతూ, "అది ఉంటే ఈపాటికి దానికి పెళ్ళి చేసేవాళ్ళం" అనేది. ఆ మాట అన్నాక ఆ కూరలో ఉప్పు ఉండేది కాదు, లేకపోతే రెండుసార్లు పడేది.

డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చింది. ఇక్కడ టీవీలో రెండు ముక్కలు చెప్పి వాతావరణం, ఫుట్‌బాల్ అందుకున్నారు. మాకు ఉత్తరాలు వచ్చేసరికి క్రిస్మస్ అయిపోయింది. వదిన వాళ్ళ పల్లె లేదు. మనుషుల్లో మిగిలిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళు కూడా చెల్లాచెదురైపోయారు. ఏం చెయ్యగలం? చర్చిలో దుప్పట్లు పోగుచేశాం. వదిన ఆ రోజు నుంచి డబ్బాలో రెండు గుప్పెళ్ళు వెయ్యడం మొదలుపెట్టింది.

ఎనభై ఒకటి వసంతంలో అక్కడికి కొత్తగా వచ్చిన పాస్టర్ దైవాశీర్వాదం గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన ఆ ప్రాంతం మనిషి కాదు, ఉప్పెన తర్వాత వేసిన కొత్త కాలనీకి వచ్చాడు. వదిన అంతకుముందు ఆయనకి పిల్ల సంగతి రాసింది. ఆయన జవాబు ఇదీ. పాత పల్లె అంతా ఇసుక మేట వేసుకుపోయింది, చర్చి పునాది ఒక్కటే మిగిలింది. కాలనీకి రోడ్డూ, ఇళ్ళ స్థలాలూ ఎత్తు చెయ్యడానికి ఆ పాత పల్లె మట్టే తవ్వుతారు. వానల ముందే పని మొదలవుతుంది. ఇంజినీరు మంచివాడు, చెప్తే ఒక చిన్న చోటు తవ్వకుండా వదిలేస్తానన్నాడు. కానీ ఒక్క చోటే. చర్చి పునాది మూల నుంచి ఎటు, ఎన్ని గజాలు, కచ్చితంగా రాయండి.

"సముద్రం వైపు. చర్చికి సముద్రం వైపు మా ఇల్లు" అంది వదిన వెంటనే.

"అలా అంటే ఎలా కృపా? సముద్రం వైపు ఎంత దూరం? నువ్వు చెప్పింది పట్టుకుని వాళ్ళు ఎక్కడ వదిలేస్తారు?" అన్నాడు అన్నయ్య.

వాడు చెప్పిందీ నిజమే. ఎంత దూరమంటే ఆవిడ, "మార్తమ్మ పెద్దమ్మ వాళ్ళ పాక దాటి, మా మేనత్త వాళ్ళ అరుగు దాటి" అంటుంది. ఆ పాకలు ఎక్కడున్నాయి ఇప్పుడు?

దారి చూపించింది నవోమి. అది అప్పుడు యాన్ ఆర్బర్‌లో చదువుతోంది. ఆ రోజుల్లో అమెరికన్లకి తాతముత్తాతల్ని వెతుక్కునే పిచ్చి పట్టుకుంది. దాని క్లాసులో పిల్లలు ఇంగ్లండు నుంచి పాత పటాలు తెప్పించుకుని, చర్చికి దశమ భాగం కట్టడానికి ఏ పొలం ఎవరిదో గీసిన పటాలట, వాటిలో వాళ్ళ ముత్తాత ఇల్లు వెతుక్కుంటున్నారట. ఇది ఊరుకోక వాళ్ళ ప్రొఫెసర్‌ని అడిగింది. మనకీ మిషనరీలు వచ్చారు కదా, మన దగ్గరా కానుకలు తీసుకున్నారు కదా, మన పటాలు ఎక్కడ అని. నాలుగు ఫోన్లు చేస్తే తేలింది. మన దొరల కాగితాలన్నీ పెన్సిల్వేనియాలో పాస్టర్లకి చదువు చెప్పే ఒక సెమినరీ లైబ్రరీలో పెట్టెల్లో ఉన్నాయి.

"అమ్మా, నీ విలేజ్ మ్యాప్ ఉంది! ఐ ఫౌండ్ ఇట్! ఎవరు రైస్ ఇచ్చారో అన్ని హౌసెస్ ఉన్నాయి!" అని ఫోన్‌లో అరిచింది.

అన్నయ్య డ్రైవ్ చేశాడు. వదిన, నేను వెనక సీట్లో. పులిహోర పొట్లాలు, ఆవకాయ అన్నం, ఫ్లాస్కుతో కాఫీ. ఒహాయో అంతా వాన. దారి పొడుగునా వదిన తన పల్లె గురించి చెప్తూనే ఉంది, అంత మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్య అద్దంలోంచి ఆవిడని చూసి చూసి నవ్వుకున్నాడు. వాడు పెట్టెలో పెన్సిళ్ళు, స్కేళ్ళు, ట్రేసింగ్ పేపరు అన్నీ తెచ్చుకున్నాడు, పరీక్షకి వెళ్ళే పిల్లాడి లాగా. వాడు కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. వాడు గీసిన గీత మీద ఇనుము కోస్తారు. వెంట్రుక మందం తేడా వస్తే వాడికి నిద్ర పట్టదు.

లైబ్రరీలో ఒక ముసలావిడ ఆ పటాన్ని బల్ల మీద విప్పింది. గుడ్డ అంటించిన కాగితం, అంచులు పురుగు కొట్టేసింది. మధ్యలో చిన్న డబ్బా గీసి శిలువ గుర్తు పెట్టారు, అది చర్చి. చుట్టూ సందులు, సందుల్లో చిన్న చిన్న చతురస్రాలు, ఒక్కో దానికీ ఒక నంబరు, ఒక పేరు. అన్నీ గుండ్రటి తెలుగు అక్షరాలు. మూల మీద అంగుళానికి ఇన్ని గజాలని రాసుంది. దొర గీయమంటే ఉపదేశి గీశాడు, ఏ ఇంట్లో గుప్పెడు బియ్యం తీస్తున్నారో, ఏ ఇంట్లో తీయడం లేదో దొరకి తెలియాలని.

మా వదిన కళ్ళజోడు పెట్టుకుని పటం మీదకి వంగింది. వేలు కాగితానికి తగలకుండా గాలిలోనే నడిపించుకుంటూ వెళ్ళింది.

"యాకోబు తాత... ఇదిగో మార్తమ్మ పెద్దమ్మ మొగుడు... ఇది మా మేనత్త వాళ్ళది... ఏవండీ, ఇదిగోండి! ఇదిగో మా తాత పేరు!"

గట్టిగా ఏడ్చేసింది. లైబ్రరీ అని కూడా లేదు. ఆ ముసలావిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఈ అక్షరాలు చదవగలిగిన మనిషి ఈ గదిలోకి రావడం ఇదే మొదటిసారి అంది.

అన్నయ్య ట్రేసింగ్ పేపరు పరిచి పని మొదలుపెట్టాడు. ఒకచోట ఆగాడు. "ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టలేదే ఉపదేశి గారు?" అని ఒక్క క్షణం ఆలోచించి, "ఫర్వాలేదు. పటంలో పైన ఉత్తరమేగా, ఎక్కడైనా అంతే" అన్నాడు.

"ఒకటో నంబరు అడుగున పెట్టాడేంటన్నయ్యా? మనమైతే పైనుంచి మొదలెడతాం. మీ ఉపదేశి తలకిందులుగా వేలాడుతూ రాశాడా?" అన్నాను.

"పాతకాలం వాళ్ళ ఇష్టం అది. నువ్వు కాస్త పక్కకి జరుగు, వెలుతురు అడ్డం వస్తున్నావు" అన్నాడు.

అప్పుడు వదిన మెల్లిగా అంది, "ఏవండీ, ఇందులో మా ఇల్లు చర్చికి ఎడమ పక్క ఉంది. అంటే ఎటు?"

"పడమర."

"పడమరంటే కాలవ వైపు కదండీ? మాది సముద్రం వైపు..."

అన్నయ్య విసుక్కోలేదు. అదీ నా బాధ. విసుక్కునుంటే నేను వాడి మీద పడి దెబ్బలాడేదాన్ని. వాడు స్కేలు కింద పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "కృపా, పద్దెనిమిదేళ్ళకి వదిలేసి వచ్చావు. అప్పుడు జ్వరంతో ఉన్నావు. ఇది నీకు అక్షరాలు దిద్దించిన ఉపదేశి గారు గీసింది. వరసలో ఇళ్ళన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయా, లేవా?"

ఆవిడ మళ్ళీ చూసింది. యాకోబు తాత, మార్తమ్మ పెద్దమ్మ, మేనత్త, తాత. ఒక్క ఇల్లు కూడా అటూ ఇటూ లేదు.

"ఉన్నాయండీ. నేనే మర్చిపోయుంటాను. ఉపదేశి తాతయ్య తప్పు ఎందుకు రాస్తాడు?" అంది. మిషన్ కాగితం అంటే మావాళ్ళకి బైబిల్ తర్వాత బైబిల్. ఆవిడ తన కళ్ళని కాదనుకుని ఆ కాగితాన్ని నమ్మింది.

ఇంటికొచ్చాక అన్నయ్య ఆ డ్రాయింగ్‌ని ఎలా గీశాడో మీరు చూడాలి. ఆఫీస్‌ నుంచి రాగానే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చునేవాడు. చర్చి పునాది మూల నుంచి పడమరకి గజాలు, అడుగులు, అన్నీ లెక్కకట్టాడు. పైన ఎర్ర సిరాతో ఉత్తరం బాణం. ఆ చోటు దగ్గర చిన్న డబ్బా గీసి అందులో "పాప" అని రాశాడు. ఆ రెండక్షరాలు రాయడానికి ఎంతసేపు పట్టిందో! వదిన టీ తీసుకెళ్తే, బల్ల మీద తల పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడట. ఆవిడ కప్పు అక్కడ పెట్టి చప్పుడు కాకుండా వచ్చేసింది.

డ్రాయింగ్ పంపించాం. మేపుల్ ఆకులు రాలే రోజుల్లో ఫోటో వచ్చింది. రంగుల ఫోటో. చుట్టూ తవ్వేసిన పెద్ద గొయ్యి, గొయ్యిలో వాన నీళ్ళు, మధ్యలో దీవిలాగా చిన్న దిబ్బ. దిబ్బ మీద నాలుగు మూలలా రాళ్ళు, ఒక సిమెంటు శిలువ, పక్కన పాస్టర్ గారు గొడుగు పట్టుకుని. ముందు వైపు అంచులో చర్చి పునాది కొంచెం కనిపిస్తోంది. 'మీ స్థలం ఒక్కటి తప్ప చర్చి చుట్టూ మొత్తం మట్టి తీసేశారు, దేవునికి స్తోత్రం' అని రాశాడాయన.

అన్నయ్య ఆ ఫోటోని చర్చిలో అందరికీ చూపించాడు. జేబులోంచి తియ్యడం, పెట్టడం, మళ్ళీ తియ్యడం. "మా పెద్దమ్మాయి" అన్నాడు ఒకాయనతో. ఆ మాట వాడి నోటివెంట నేను వినడం అదే మొదలు.

ఆ వారంలోనే వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్య ఆఫీస్‌కి వెళ్ళారు. ఒకసారి రావే."

వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ మీద ఫోటో ఉంది, ట్రేసింగ్ కాగితం ఉంది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"లూసీ, రాళ్ళ వెనక ఇది ఏంటి చెప్పు?"

చూశాను. రాళ్ళ వెనక, గొయ్యి అంచు దాటగానే గట్టు, గట్టు కింద నీళ్ళు. "కాలవ" అన్నాను.

"మా దొడ్లో నిలబడితే కాలవ కనపడదే. ఎలా కనపడుతుంది? మాకూ కాలవకీ మధ్య చర్చి ఉంది. మా దొడ్లో నిలబడితే సరుగుడు చెట్లు, వాటి వెనక సముద్రం. నాకు జ్వరమే కానీ కళ్ళు పోలేదు. తలుపు సందులోంచి మా అమ్మ చీర కొంగు ఎగరడం చూశాను. సముద్రం గాలి."

"వదినా, ఉపదేశి పల్లెలోకి ఎటు నుంచి వచ్చేవాడు?"

"ఉత్తరం నుంచి. కట్ట మీద నుంచి. సంచి భుజాన వేసుకుని."

"కట్ట దిగగానే మొదటి ఇల్లు?"

"యాకోబు తాతది."

ఒకటో నంబరు. కాగితం అడుగున. ఆయన బియ్యం కోసం ఎలా నడిచాడో అలాగే గీశాడు. కాళ్ళ ముందున్న ఇల్లు కింద, దూరంగా ఉన్న ఇల్లు పైన. బాణం ఎందుకు పెడతాడు? ఆ పటం చూసే దొర కూడా ఆ కట్ట మీద నుంచే గుర్రం దిగేవాడు. నేను ట్రేసింగ్ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని తలకిందులుగా తిప్పి పెట్టాను. చర్చి అక్కడే ఉంది. వదిన వాళ్ళ తాత ఇల్లు చర్చికి ఇవతలకి, సముద్రం వైపుకి వచ్చి నిలబడింది.



"ట్రంక్ కాల్ బుక్ చేస్తాను. పాస్టర్ గారికి చెప్దాం, ఇంజినీరుకి చెప్దాం" అని లేచాను.

"ఏం చెప్తావు?" అంది. "చర్చి చుట్టూ మొత్తం తీసేశారని రాశాడుగా. తవ్వేశారే లూసీ. దాన్ని తట్టల్లో ఎత్తుకుపోయారు. వెనక్కి తెమ్మంటావా?"

ఇంకా అడగాలా? అడిగాను. "మరి ఆ రాళ్ళు పాతిన చోట ఏం ఉండేది?"

ఆవిడ వేలు పెట్టి దూరం చూసుకుంది. "సమూయేలు వాళ్ళ గేదెని కట్టేవాళ్ళు" అంది. అని ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు. నేను ఆవిడ తల నా కడుపుకి ఆనించుకుని నిలబడ్డాను.

కళ్ళు తుడుచుకున్నాక మొదటి మాట, "మీ అన్నయ్యకి చెప్పకు."

"ఎందుకు చెప్పను? చెప్తాను. ఉత్తరం పైన ఉంటుందట, ఉత్తరం! నువ్వు చెప్తే వినిపించుకున్నాడా?"

"చెప్పకు. నేను దాన్ని మోశాను, పాలిచ్చాను, మొహం చూశాను. ఆయనకేం ఉంది? తండ్రిగా దానికి చేసింది ఇదొక్కటే. అది కూడా తప్పని చెప్తే ఆ మనిషి బతకడు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. ఏం చెయ్యను? కోపమంతా లోపలే కుక్కుకున్నాను. అన్నయ్య మీద కోపం తెచ్చుకుందామంటే వాడి మొహం గుర్తొస్తుంది. ఉపదేశి మీదా? ఆ ముసలాయన ఏ పాపం ఎరగడు, సరిగ్గానే గీశాడు. చివరికి దేవుడి మీద తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళు ఇన్ని గుప్పెళ్ళు తీసుకున్నాడే, ఒక్క దిక్కు చూపించలేకపోయాడా అని. ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదు. వదిన మాత్రం వెళ్ళింది, డబ్బా పట్టుకుని.

అన్నయ్య ఆ డ్రాయింగ్ ఇంకో కాపీ గీసి ఫ్రేమ్ కట్టించి ఫ్యామిలీ రూమ్‌లో పెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా దాని దగ్గరికి తీసుకెళ్ళేవాడు. నవోమి ఫ్రెండ్ విద్య వచ్చినప్పుడు, "ఇట్స్ సో బ్యూటిఫుల్, అంకుల్. ఇది ఎగ్జాక్ట్ ప్లేసా?" అని అడిగింది. "ఎగ్జాక్ట్. అంగుళం తేడా లేదు" అన్నాడు వాడు. పక్కన చేగోడీల ప్లేటు పట్టుకుని నిలబడ్డ మా వదిన, "అవునమ్మా, అక్కడే" అంది. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పి నిలబడ్డాను. ఇది ఒకసారి కాదు, వచ్చిన ప్రతి చుట్టం ముందూ ఇదే. ఆవిడ గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

ఎనభై ఐదు ఆగస్టులో అన్నయ్య ఇండియా వెళ్ళాడు. రమ్మని వదినని ఎంత బతిమాలాడో. మోకాళ్ళ నొప్పులంది, నవోమికి కొత్త ఉద్యోగమంది, ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. ఆ గేదె చోటు ముందు మోకరించి ఏడవడం ఎలాగని ఆవిడ భయం.

తిరిగొచ్చిన రోజు నేను కూడా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాను. వాడు చిక్కిపోయాడు కానీ మొహం తేటగా ఉంది. ఇంటికి రాగానే సూట్‌కేస్ విప్పి బట్టల మధ్యలోంచి టాల్కం పౌడర్ డబ్బా తీశాడు. కస్టమ్స్‌వాళ్ళ కంటపడకుండా మట్టి తెచ్చాడు.

"రాళ్ళ మధ్యలోంచి నా చేత్తో తీశాను, కృపా" అన్నాడు. "చుట్టూ నీళ్ళు. పలకలు వేయించుకుని నడిచి వెళ్ళాను. దాని పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. నవోమి గురించి చెప్పాను. రాలేకపోయాను, క్షమించమ్మా అని చెప్పాను."

వదిన కొంగు పట్టింది. మట్టి కొంగులో పోయించుకుని కళ్ళకద్దుకుంది. "దాని దగ్గరికి వెళ్ళొచ్చారు, చాలు" అంది. అబద్ధమే. కానీ ఆ మాట ఎంత ప్రేమగా అందంటే, వింటున్న నాకే అది నిజమేమో అనిపించింది.

భోజనాలకి కూర్చున్నాం. అన్నయ్య ఉత్సాహంగా చెప్తూనే ఉన్నాడు. కాలనీ బాగా కట్టారట, కరెంటు వచ్చిందట. "ఆ చుట్టూ తవ్విన మట్టంతా రోడ్డుకే వేశారు కృపా, ఎంత ఎత్తు లేపారో! కానీ వాన పడితే ఒకటే జిగురు. కాలు దిగబడిపోయింది. నా బూట్లు చూడు, ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తెచ్చాను, పారేసెయ్."

వదిన తింటున్న చెయ్యి ఆగింది. కాసేపటికి అన్నయ్య ప్రయాణం బడలికతో సోఫాలోనే నిద్రపోయాడు. నేను గిన్నెలు కడిగి చూస్తే వదిన కనపడలేదు. బెడ్‌రూమ్‌లో లేదు, బయట లేదు. గరాజ్‌లో లైట్ వెలుగుతోంది.

తలుపు తీశాను. మా వదిన సిమెంటు నేల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది, మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి. ముందు శుభ్రమైన తెల్ల తుండుగుడ్డ పరిచింది. ఒళ్ళో అన్నయ్య బూటు బోర్లా పెట్టుకుని, చెంచా కాడతో అడుగు అట్ట గాడుల్లోని ఎండిన బురదని గీకుతోంది. మెల్లిగా, రవ్వ కూడా గుడ్డ అవతల పడకుండా.

నన్ను చూసింది. దాచుకోలేదు.

"మీ అన్నయ్య దీన్ని తొక్కుకుంటూ వెళ్ళారే" అంది. "తెలియక."

నాకు ఆ రోజు ఎవరి మీదా కోపం రాలేదు. జడలోంచి పిన్ను తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని రెండో బూటు అందుకున్నాను. అట్ట గాడుల్లో ఇరుక్కున్నదంతా పిన్నుతో తీశాను. కుట్ల దగ్గర అంటుకున్నది గోటితో తీశాను. లోపల అన్నయ్య గురక వినపడుతోంది.

ఇంక రాదని తెలిశాక వదిన గుడ్డ నాలుగు కొసలూ ఎత్తి మట్టినంతా ఒకచోటికి చేర్చింది. దాన్ని అరచేతిలోకి తీసుకుంది. రోజూ బియ్యం తీసే చెయ్యే అది. వేళ్ళు ముడిచి చూసుకుంది, మళ్ళీ విప్పి చూసుకుంది.

"గుప్పెడైనా కాలేదే లూసీ" అంది.